రెండో కాగితం

డయాలిసిస్ వార్డు, నర్సుల గది
జూన్ 9

బుల్లికి,

నీ ఉత్తరం వచ్చి పన్నెండు రోజులైంది. జవాబు రాద్దామని కూర్చున్నప్పుడల్లా ఎవరిదో ఒకరి మిషను కుయ్యోమంటుంది, నేను లేచి పరిగెత్తాలి. మీ అన్నయ్య క్షేమం. మీటర్ల రీడింగు ఉద్యోగం నుంచి రిటైరై రెండేళ్లయినా ఎవరింటికి వెళ్లినా ముందు గోడ మీద కరెంటు మీటరు చూసి, ఆ తర్వాతే ఇంట్లోవాళ్లని పలకరిస్తారు. మొన్న మా హెడ్ నర్సు గృహప్రవేశంలో, 'మీ మీటరు కాస్త వేగంగా తిరుగుతోందమ్మా' అని చెప్పి వచ్చారు. ఆవిడ వారం నుంచి నాతో ముభావంగా ఉంది.

ఇక మా పెట్టె భాగోతం విను. పదకొండు నెలల క్రితం మా వార్డుకి ఐదో డయాలిసిస్ మిషను వచ్చిందని ఎగిరి గంతేస్తూ రాశాను కదా. అది ఇంకా పెట్టెలోనే ఉంది. చెక్కకి కొట్టిన మేకు ఒక్కటి కూడా ఊడలేదు. ప్రజల సొమ్ముతో కొన్న మిషను మీద మేం బల్లగుడ్డ పరిచి, క్యారేజీలు విప్పుకుని భోజనాలు చేస్తున్నాం. నిన్న ఒక పేషెంటు భార్య, 'సిస్టర్, ఈ బల్ల మరీ ఎత్తుగా ఉంది, పొట్టిది తెప్పించకూడదా' అని అడిగింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా స్టోరాయన వారానికోసారి వచ్చి, పెట్టె చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, స్టాకులో ఉంది అని రాసుకుని పోతాడు. ఆయన రిటైర్మెంటు అక్టోబరులో. 'ఈ పెట్టెకంటే ముందు నేనే బయటపడేట్టున్నాను సిస్టర్' అంటాడు. ఇలాంటి చోటికి ఇంకా డబ్బు పోస్తే ఏం లాభమే బుల్లీ?

రెండో కాగితం

చదివి చించెయ్.

మొదటి కాగితం నీ ఆఫీసులో నలుగురికీ చదివి వినిపిస్తావని తెలుసు, అందుకే నవ్వుతూ రాశాను. అసలు సంగతి ఇది. మిషను నడవాలంటే దానికి వేరే నీళ్ల పైపు కావాలి, ఒక టెక్నీషియన్ కావాలి, ఒక నర్సు కావాలి. మిషనంటే ఒక్కసారి కొని పడేశారు. జీతాలు నెలనెలా ఇవ్వాలి. నిధులు లేవని ఆ రెండు ఉద్యోగాలూ పోయిన ఏడాది రద్దు చేశారు. కాబట్టి పెట్టె మూసి ఉన్నది మాకు చేతకాక కాదు, మనుషులు లేక. వారానికి మూడుసార్లు మిషను మీద పడుకోవాల్సిన మనిషికి రెండుసార్లే ఇస్తున్నాం. నీ మొదటి ఆఫీసు కోటు కుట్టిన టైలరు గుర్తున్నాడా? ఇప్పుడు మా పేషెంటే. వాచిన కాళ్లు చెప్పుల్లో పట్టడం లేదు. 'మూడో రోజు ఎప్పుడిస్తారు సిస్టర్' అని అడుగుతాడు. పెట్టె వైపు చూడకుండా జవాబు చెప్పడం అలవాటు చేసుకున్నాను.

బాగా పెద్ద ఆదాయాల మీద పన్ను పెంచుతారట, వచ్చింది ఆస్పత్రులకే ఇస్తారట, నిజమేనా? నా పన్ను జీతం చేతికి రాకముందే కోసేస్తారు. దానికి నాకు దిగులు లేదు. ఉన్నవాళ్లు ఇంకొంచెం ఇస్తే మా పెట్టె తెరుచుకుంటుంది, నాకు తెలిసిన ఆర్థికశాస్త్రం అంతే. ఎవరి పక్కన కూర్చున్నా నువ్వు ఈ నర్సుల గదిలో పెరిగిన పిల్లవే, అదే నా ధైర్యం.

వదిన


ఏడో అంతస్తు, ఆఫీసు
జూన్ 24

వదినా,

అన్నయ్యతో చెప్పు, మా ఆఫీసుకి వస్తే ఏడంతస్తుల మీటర్లూ ఒకే గదిలో ఉన్నాయి, రోజంతా కాలక్షేపం. నాకు పని పీకల దాకా ఉంది. నువ్వడిగిన పన్ను సంగతి నిజమే. దాని మీద సెప్టెంబరులో ఒక కమిటీ అందరి మాటా వింటుందట. మా కంపెనీ పని తెలుసు కదా, పెద్దవాళ్లకి పన్నుల సలహాలు చెప్పడం. మా క్లయింట్లందరి తరఫున ఒక చిన్న పుస్తకం వేసి కమిటీకి ఇస్తున్నాం, అది రాసే బాధ్యత నామీద పడింది. కమిటీ ముందు మాట్లాడేది కూడా నేనే. ఇది సవ్యంగా జరిగితే నన్ను కంపెనీలో భాగస్వామిని చేస్తానని మా పెద్దాయన నోటితో చెప్పారు. ఆ మాట విన్నాక లిఫ్టులో కిందికి పైకి రెండుసార్లు ఊరికే తిరిగాను.

రెండో కాగితం

నువ్వూ చించెయ్.

నీ ఆర్థికశాస్త్రం బాగుంది గానీ, లోకం అంత తేలిగ్గా లేదు వదినా. మా క్లయింట్లలో ఒకాయనకి ఓడలున్నాయి. పన్ను పెంచారంటే ఒక్క సంతకంతో ఆదాయం మొత్తం ఇంకో దేశంలో చూపిస్తాడు. అప్పుడు ఇప్పుడొచ్చేది కూడా రాదు. ఇంకొకాయన ఒక్క లారీతో మొదలుపెట్టి ముప్పై ఏళ్లు నిద్రాహారాలు మాని పైకి వచ్చాడు, మీ సంపాదనలో సగం మాదంటే ఆయనకి కడుపు మండదా? ఇది నేను జీతం కోసం అంటున్న మాట కాదు.

నీకు మాత్రమే చెబుతున్నాను, ఎక్కడా అనకు. శాతాల్లో చూస్తే మా ఓడల ఆయన కట్టే పన్ను నువ్వు కట్టేదానికన్నా తక్కువ. అంతా చట్టప్రకారమే, ఆ దారి వెతికిపెట్టింది నేనే. ఆ రోజు ఆఫీసులో అందరూ నా తెలివికి చప్పట్లు కొట్టారు.

అన్నట్టు నీ మొదటి కాగితం మా పెద్దాయనకి చదివి వినిపించాను. కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వారు. మీ వదినగారిది మంచి చెయ్యి అన్నారు. నీ ఉత్తరం నాకు చాలా పనికొచ్చింది.

బుల్లి


ఇంట్లో, వంటగది బల్ల దగ్గర
జూలై 20

బుల్లికి,

ఈసారి ఒకటే కాగితం.

మంగళవారం మా సూపరింటెండెంటు గారు వార్డు స్టాఫుని అందర్నీ తన గదికి పిలిచారు. ఆయన చేతిలో నున్నటి అట్టతో ఒక చిన్న పుస్తకం ఉంది. కళ్లద్దాలు పెట్టుకుని పైకి చదివారు. "ఒక ప్రభుత్వ ఆస్పత్రి ఉద్యోగి మాటల్లోనే వినండి. ప్రజల సొమ్ముతో కొన్న మిషను మీద మేం బల్లగుడ్డ పరిచి, క్యారేజీలు విప్పుకుని భోజనాలు చేస్తున్నాం. ఇలాంటి చోటికి ఇంకా డబ్బు పోస్తే ఏం లాభం?" ఆ వాక్యం కింద పెద్ద అక్షరాల్లో, పన్ను పెంచడం ఎందుకు వద్దో ఇంతకన్నా చెప్పాలా, అని ఉందట. ఇలా బల్లగుడ్డ పరిచిన పెట్టె రాష్ట్రం మొత్తం మీద మన దగ్గరే ఉంది, బయటికి చెప్పిందెవరు అని అడిగారు.

మా స్టోరాయన ఆ పెట్టె గురించి పై ఆఫీసుకి ఇదివరకే మూడుసార్లు రాసి మొట్టికాయలు తిన్నాడు. అందుకని సూపరింటెండెంటు గారు ఆయన వైపే చూశారు. 'నేను కాదండి' అన్నాడు స్టోరాయన. అని మా అందరి ముఖాలూ ఒక్కొక్కటే చూశాడు. నేను నా చెప్పుల వైపు చూసుకున్నాను.

ఆయన్ని సస్పెండ్ చేశారు. విచారణ తేలకుండా అక్టోబరు వచ్చిందంటే రిటైరవుతాడు గానీ పెన్షను ఆపేస్తారు. ముప్పై నాలుగేళ్ల సర్వీసు. ఆయన తన సీటు దగ్గర తాళాల గుత్తి అప్పగిస్తూ, ఏ తాళం ఏ బీరువాదో కొత్తవాడికి విడమరిచి చెబుతున్నాడు. నేను వార్డులోకి వెళ్లి పెట్టె మీద బల్లగుడ్డ సవరించాను. ఇంటికి వచ్చి మీ అన్నయ్యకి కూడా చెప్పలేదు.

ఆ మాటలు ఎవరివో నీకూ నాకూ తెలుసు. ఆ పుస్తకం నీది కాదని రాయి. ఇంకెవరో, ఎక్కడో, నాలాంటిదే ఇంకో వెర్రిది అవే మాటలు అని ఉంటుందని రాయి. నువ్వు రాస్తే నమ్ముతాను.

వదిన


ఏడో అంతస్తు, ఆఫీసు
జూలై 30

వదినా,

పుస్తకం నాదే.

కానీ నీ పేరు పెట్టలేదు, ఊరు పెట్టలేదు, ఆస్పత్రి పేరు పెట్టలేదు. బల్లగుడ్డ చూసి పట్టేసుకుంటారని నేను కలగన్నానా? అది మొదటి కాగితం వదినా. అత్తారింట్లో నీ ఉత్తరాలన్నీ పోస్టుకి వెళ్లేముందు మా అమ్మకి చదివి వినిపించాల్సి వచ్చేది, ఇక్కడ హాస్టల్లో వార్డెన్ నాచేత పైకి చదివించేది. అందుకని నువ్వే కదా నేర్పావు, మొదటి కాగితం అందరికీ, రెండోది నీకు, చదివి చించెయ్ అని. హాస్టలుకి వెళ్లేదాకా బడి వదలగానే మీ నర్సుల గదికి వచ్చి, అక్కడే పెరిగిన పదకొండేళ్ల పిల్లకి నేర్పిన అలవాటు. అందరికీ అన్నదాన్నే నేను అందరికీ చూపించాను.

స్టోరాయన సంగతి చదివి రెండు రోజులు తిండి సహించలేదు. ఆయన విషయంలో తొందరపడకు. సెప్టెంబరులో కమిటీ అయిపోతే ఈ పుస్తకం సంగతి అందరూ మర్చిపోతారు, విచారణ కూడా చల్లబడుతుంది. ఈలోగా ఆయన జీతం ఎంతో చెప్పు, నెలనెలా నేను పంపుతాను, ఎవరు పంపారో తెలియనక్కర్లేదు. ఇప్పుడు నువ్వు నోరు విప్పితే నీ ఉద్యోగానికీ ముప్పే, నాకు కూడా.

ఇంకో మాట, రాయకూడదనుకుంటూనే రాస్తున్నాను. డ్యూటీ అయ్యాక సాయంత్రాలు ఆ బంగళా ముసలావిడకి ఇంజెక్షన్లు చెయ్యడానికి ఆరేళ్లు వెళ్లావు. ఆవిడ కవర్లో పెట్టి ఇచ్చిన డబ్బు మీద ఏనాడైనా పన్ను కట్టావా? నా హాస్టలు ఫీజు ఆ కవర్లలోంచే వచ్చిందని నాకు తెలుసు. అంచేత నన్ను మరీ దొంగని చూసినట్టు చూడకు.

బుల్లి


ఇంట్లో, వంటగది బల్ల దగ్గర
ఆగస్టు 10

బుల్లికి,

కట్టలేదు. ఆ డబ్బు ఎక్కడా చూపించలేదు. తప్పే. నిన్ను చదివించడానికి చేశాను గనక అది తప్పు కాకుండా పోదు. నీ ఉత్తరం చదివాక ఆ తప్పు సరిచెయ్యడానికి ఎక్కడ కట్టాలో కనుక్కుందామని పన్నుల ఆఫీసుకి వెళ్లాను. అక్కడి గుమాస్తా నన్ను ఎగాదిగా చూసి, ఇరవై ఏళ్ల కిందటి ఇంజెక్షన్లకి ఫారం లేదమ్మా, ఇంటికెళ్లండి అన్నాడు. అయినా ఒకటి అడుగుతాను. నేను నాలుగు కవర్లు దాచుకుంటే దొంగతనం. మీ ఓడల ఆయనకి నువ్వు ఓడలకి ఓడలు దాచిపెడితే సలహా. దీనికి జవాబు నాకు అక్కర్లేదు, నువ్వు తెలుసుకుంటే చాలు.

స్టోరాయనకి నెలనెలా డబ్బు పంపుతానన్నావు. ఆయన ఇంటికి వెళ్లాను. గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడాడు. 'సిస్టర్, ఉద్యోగం పోయినందుకు కాదు. ఈ చేతుల మీదుగా ఒక్క దూదిపింజె బయటికి పోలేదు. ఇప్పుడు మా వీధిలో కూరగాయలమ్మే మనిషి కూడా, మీరేదో బయటపెట్టారటగా అని అడుగుతోంది' అన్నాడు. అప్పుడైనా చెప్పాల్సింది. మంచినీళ్లు ఇస్తే తాగి వచ్చేశాను. సిగ్గుతో చచ్చిపోయాను బుల్లీ.

మర్నాడు పొద్దున సూపరింటెండెంటు గారి గదిలోకి వెళ్లి ఆ మాటలు నావి అని చెప్పేశాను. ఆయన నమ్మలేదు. 'మీరు ముసలాయన మీద జాలిపడి మీ నెత్తిన వేసుకుంటున్నారు. మీవైతే ఆ ఉత్తరం తెచ్చి చూపించండి' అన్నారు. రెండో కాగితం కూడా ఉందండి, అందులో పెట్టె ఎందుకు తెరవలేదో రాశాను అన్నాను. రెండూ తెమ్మన్నారు. కాబట్టి నా ఉత్తరం నాకు పంపు. రెండు కాగితాలూ.

ఇంకొకటి దాచకుండా చెబుతాను. నీ జూన్ ఉత్తరంలో రెండో కాగితం నా దగ్గర ఉంది. నా ఉత్తరం మీ పెద్దాయనకి చదివి వినిపించానని రాశావే, అది. అదే కాగితం మీద ఓడల ఆయన సంగతీ ఉంది. నిన్ను చించమని నేర్పాను గానీ, నీ కాగితాలు నేను ఒక్కటి కూడా చించలేదు. చించబుద్ధి కాలేదు. హాస్టలు నుంచి రాసినవి కూడా అన్నీ ట్రంకుపెట్టెలో ఉన్నాయి. ఆ ఒక్క కాగితం తీసుకెళ్లి బల్ల మీద పెడితే స్టోరాయన రేపే డ్యూటీలో చేరతాడు. ఎల్లుండి నీ ఉద్యోగం ఊడుతుంది. రెండుసార్లు దాన్ని సంచిలో పెట్టుకుని ఆస్పత్రికి వెళ్లాను. రెండుసార్లూ తిరిగి తెచ్చాను. అది రెండో కాగితం కదా, నాకు మాత్రమే అని నువ్వు రాసింది. ఆ మాట నిలబెట్టుకుంటూ ఆ మనిషిని ఇంట్లో కూర్చోబెట్టిన పాపం నాది, అది నీమీద వెయ్యను.

వదిన


నా గదిలో
ఆగస్టు 22

వదినా,

నీ ఉత్తరం పంపలేను. లేదు.

మొదటి కాగితం మా పెద్దాయన దగ్గర ఉంది. ఫైల్లో పెట్టుకున్నారు, అడిగితే ఎందుకని అడుగుతారు. రెండో కాగితం చించేశాను. ఆఫీసులో కాగితాలు సన్నగా దారాల్లా కోసే మిషను ఉంది, అందులో వేశాను. నువ్వు చించెయ్ అన్నావు గనక చించానని రాద్దామని ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టాను. అది అబద్ధం. నువ్వు చించమన్నవన్నీ నేను ఆ రోజే చించేదాన్ని, ఇది మాత్రం పదిహేను రోజులు సొరుగులో ఉంచుకున్నాను. రోజూ తీసి చదివేదాన్ని. పుస్తకం అచ్చుకి వెళ్లిన రోజు మధ్యాహ్నం వేశాను. ఆ కాగితం ఉంటే ఆ పుస్తకం అబద్ధమని నాకు తెలుసు, అందుకే వేశాను. ఎవరూ నన్ను బలవంతం చెయ్యలేదు. పెద్దాయనకి రెండో కాగితం ఉందని కూడా తెలియదు.

నిన్న భాగస్వామ్యం పత్రం నా బల్ల మీదకి వచ్చింది. కమిటీ అయిన మర్నాడు సంతకం చెయ్యాలి. నేను పన్నెండేళ్లు ఎదురుచూసిన కాగితం. దాన్ని చదువుతుంటే నీ అక్షరాలే కనిపిస్తున్నాయి, మనుషులు లేక, మనుషులు లేక అని.

నా కాగితం చూపించెయ్ వదినా. నువ్వే చూపించెయ్. నాకు ధైర్యం లేదు.

బుల్లి


డయాలిసిస్ వార్డు, నర్సుల గది
సెప్టెంబరు 2

బుల్లికి,

చూపించను. నీ పని నాచేత చేయించుకోకు.

టైలరు గురించి రాయాలి. ఆయన పోయిన వారం జేబులోంచి టేపు తీసి పెట్టెని కొలిచాడు. పొడవు, వెడల్పు, ఎత్తు, ఓపిగ్గా చీటీ మీద రాసుకున్నాడు. ఎందుకండీ అంటే నవ్వాడు. ఈ సోమవారం సంచిలోంచి నీలం గుడ్డతో కుట్టిన తొడుగు తీశాడు. పెట్టెకి అతికినట్టు సరిపోయింది. మూలలకి మడతలు, పక్కన రిజిస్టర్లు పెట్టుకోవడానికి రెండు జేబులు. 'ఎలాగూ తెరవరు కదా సిస్టర్, మీ బల్లగుడ్డ జారిపోతోందని చూస్తున్నాను' అన్నాడు. వాచిన కాళ్లతో కుట్టుమిషను తొక్కి ఆరు రోజులు కుట్టాడట. మూడో రోజు గురించి అడగడం మానేశాడు.

అందరూ ఆ తొడుగు చూసి బాగుందన్నారు. నేనూ బాగుందన్నాను.

నువ్వు హాస్టల్లో నా రెండో కాగితాలు చించేముందు నోటికి వచ్చేదాకా చదివేదానివి. సెలవులకి ఇంటికొచ్చి కామా కూడా తప్పకుండా అప్పజెప్పి నన్ను ఆటపట్టించేదానివి. మొన్నటిది పదిహేను రోజులు చదివానన్నావు. ఇంతకన్నా నేను చెప్పేది లేదు.

వదిన


నా గదిలో
సెప్టెంబరు 17

వదినా,

నిన్న కమిటీ జరిగింది. పొడవాటి గది, వంకీ తిరిగిన బల్ల, ఒక్కొక్కరి ముందూ నీళ్ల గ్లాసు. మొదటి వరసలో మా పెద్దాయన, ఆయన పక్కన ఓడల ఆయన. చాలా మర్యాదస్తుడు, నన్ను చూసి కుర్చీలోంచి సగం లేచి నమస్కారం పెట్టాడు. నా చేతిలో మా పుస్తకం ఉంది. అందులో మూడో పేజీ తెరిచి బల్లగుడ్డ వాక్యం చదివాను. అందరూ నవ్వారు. మా పెద్దాయన కూడా. ఆ నవ్వు ఆగాక, ఈ ఉత్తరానికి రెండో కాగితం ఉందండీ, నేను చించేశాను, నోటికి వచ్చు, చెబుతాను అన్నాను. అధ్యక్షుడు కళ్లద్దాలు తీసి, చెప్పండి అన్నాడు.

'అసలు సంగతి ఇది' అన్న చోటు నుంచి అందుకుని చెప్పాను:

"మిషను నడవాలంటే దానికి వేరే నీళ్ల పైపు కావాలి, ఒక టెక్నీషియన్ కావాలి, ఒక నర్సు కావాలి. మిషనంటే ఒక్కసారి కొని పడేశారు. జీతాలు నెలనెలా ఇవ్వాలి. నిధులు లేవని ఆ రెండు ఉద్యోగాలూ పోయిన ఏడాది రద్దు చేశారు. కాబట్టి పెట్టె మూసి ఉన్నది మాకు చేతకాక కాదు, మనుషులు లేక. వారానికి మూడుసార్లు మిషను మీద పడుకోవాల్సిన మనిషికి రెండుసార్లే ఇస్తున్నాం. నీ మొదటి ఆఫీసు కోటు కుట్టిన టైలరు గుర్తున్నాడా? ఇప్పుడు మా పేషెంటే. వాచిన కాళ్లు చెప్పుల్లో పట్టడం లేదు. 'మూడో రోజు ఎప్పుడిస్తారు సిస్టర్' అని అడుగుతాడు. పెట్టె వైపు చూడకుండా జవాబు చెప్పడం అలవాటు చేసుకున్నాను. బాగా పెద్ద ఆదాయాల మీద పన్ను పెంచుతారట, వచ్చింది ఆస్పత్రులకే ఇస్తారట, నిజమేనా? నా పన్ను జీతం చేతికి రాకముందే కోసేస్తారు. దానికి నాకు దిగులు లేదు. ఉన్నవాళ్లు ఇంకొంచెం ఇస్తే మా పెట్టె తెరుచుకుంటుంది, నాకు తెలిసిన ఆర్థికశాస్త్రం అంతే."

అక్కడితో ఆపి కూర్చున్నాను. కమిటీలో ఒకాయన, అయితే పన్ను పెంచాలనా మీ అభిప్రాయం అని అడిగాడు. పెంచాలండి, ఈ పుస్తకంలో నేను రాసిన కారణాల్లో కొన్ని నిజమే, ఆదాయాలు దేశం దాటిపోవడం నిజమే, కానీ ఆ దారులు వేసేది నాలాంటివాళ్లం, వెయ్యడం మానితే సగం పోవు అన్నాను. ఓడల ఆయన పేరు ఎత్తలేదు. ఆయన కట్టే శాతం కూడా చెప్పలేదు. అది క్లయింటు రహస్యం అని నాకు నేను చెప్పుకున్నాను, భయమేమో కూడా. ఏదైనా అది నువ్వు దాచినట్టే ఉంచు.

బయటికి వచ్చాక మా పెద్దాయన తిట్టలేదు. నా బల్ల సొరుగు తాళం అడిగి తీసుకున్నారు, అంతే. తాళం ఇస్తుంటే మీ స్టోరాయన గుర్తొచ్చాడు. పుస్తకంలో మాటలు ఎవరివో, అవి ఎలా బయటికి వచ్చాయో అంతా రాసి, సంతకం చేసి మీ సూపరింటెండెంటు గారికి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. స్టోరాయన కాళ్లు పట్టుకోవాలని ఉంది, రమ్మంటే వస్తాను. నీ పేరు కూడా అందులో రాయాల్సి వచ్చింది వదినా. నా చేత్తో నీకు చేసిన అపకారం అది రెండోది. క్షమించమని నిన్ను అడిగే ముఖం లేదు.

బుల్లి


ఇంట్లో, వంటగది బల్ల దగ్గర
సెప్టెంబరు 29

బుల్లికి,

స్టోరాయన గురువారం డ్యూటీలో చేరాడు. నేరుగా మా వార్డుకి వచ్చి, పెట్టె మీద నీలం తొడుగు చూసి, ఇది స్టాకులో లేదే అన్నాడు. అరగంట ఆలోచించి ఒక పేషెంటు ఇచ్చిన కానుక అని రాసుకుని పోయాడు. నాతో మాట్లాడలేదు. వెనకాలే వెళ్లి మెట్ల దగ్గర ఆపి, తప్పయిపోయిందండి అన్నాను. ఆయన చాలాసేపు తాళాల గుత్తి సవరించుకున్నాడు. 'నేను కాదండి అన్నప్పుడు ఒక్కరైనా తలెత్తి నా ముఖం చూస్తే బాగుండేది సిస్టర్' అన్నాడు. నువ్వు వస్తానన్నావని చెబితే, ఇప్పుడే రావద్దని వెళ్లిపోయాడు. పెన్షనుకి అడ్డం తొలగింది. మెట్ల దగ్గర ఆయన అన్న మాట మాత్రం నాకు జన్మంతా వినిపిస్తుంది.

నాకు ఒక ఇంక్రిమెంటు కోశారు, ఇంజెక్షన్ల గదికి మార్చారు. మీ అన్నయ్యకి అన్నీ చెప్పాను. కవర్ల సంగతి కూడా. లేచి వెళ్లి మన ఇంటి మీటరు చూసి వచ్చారు. అంటే కోపం వచ్చిందని అర్థం. సాయంత్రానికి తగ్గింది. నువ్వు ఇంటికి వస్తే నీ గదిలో బల్బు మార్చాలన్నారు.

పన్ను గురించి కమిటీ ఇంకా ఆలోచిస్తోందట. పెట్టె అలాగే ఉంది. టైలరు ఇంకా రెండు రోజులే.

నువ్వు చెప్పినది నీ ఉత్తరంలో రెండుసార్లు చదివాను. అసలు సంగతి దగ్గర్నుంచి ఒక్క మాట పొల్లు పోలేదు. ఒక్క వాక్యం మాత్రం వదిలేశావు, చిట్టచివరిది. నీ జ్ఞాపకం సంగతి నాకు తెలుసు గనక మర్చిపోయావని అనుకోను. అంతమంది ముందు అది చెప్పడానికి నీకు నోరు రాలేదు. క్షమించమని అడిగే ముఖం లేదన్నావు, నాకూ లేదు, స్టోరాయన దగ్గర. అందుకని ఆ మాట వదిలేసి, నువ్వు వదిలేసిన వాక్యం మళ్లీ రాస్తున్నాను. జూన్‌లో నమ్మకంతో రాశాను. ఇప్పుడు నువ్వేం చేశావో అంతా తెలిసి రాస్తున్నాను.

రెండో కాగితం

ఇది చించకు.

ఎవరి పక్కన కూర్చున్నా నువ్వు ఈ నర్సుల గదిలో పెరిగిన పిల్లవే.

వదిన